నాలుగు చక్రాల బలం

సంచౌంగ్‌లో ఏ వీధి మొదట నిలబడినా పది నిమిషాలలో ఒక ప్రోబాక్సు టాక్సీ కంటబడుతుంది. ఇవి జపానులో కొన్నేళ్ళు తిరిగి, ఆ తరువాత ఓడ ఎక్కి మన ఊరికి వచ్చిన పాతబండ్లు. వాటిలో కొన్నింటి వెనుక తలుపు మీద "4 డబ్ల్యూ డి" అన్న చిన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తుకు అర్థమేమిటని కిందటేడు జూన్ నెలలో మా తెలుగు తరగతి పిల్లవాడొకడు నన్ను అడిగాడు.

"మా నాన్న కొన్న బండికి ఆ గుర్తు ఉన్నది మాష్టారూ! ఆ గుర్తు ఉన్నదనే ఎక్కువ డబ్బిచ్చి కొన్నాడు. వానలో జారదట" అన్నాడు.

నేను తెలుగు చెప్పేవాణ్ణి. యంత్రాల సంగతి నాకు అంతంత మాత్రమే. "ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే బండి అని అర్థం. నాలుగు చక్రాలూ లాగితే మంచిదే గదా" అని చెప్పి ఊరుకున్నాను. ఆ జవాబు సగమే నిజమని నెల తిరగకముందే నాకు తెలిసివచ్చింది. మిగిలిన సగం కోసమే ఈ పాఠం.

జూలై మొదటి వారంలో బగోలో మా పెద్దమ్మగారి దినకర్మకు వెళ్ళవలసి వచ్చింది. ఆ పిల్లవాడి తండ్రే తన బండిలో తీసుకొని వెళ్ళాడు. ఆయన తాతగారూ మా తాతగారూ ఒకే ఓడలో కాకినాడ నుండి వచ్చారని మా ఇళ్ళలో చెప్పుకుంటారు. అందుచేత ఆయన నన్ను "అన్నయ్యగారూ" అనే పిలుస్తాడు. పొద్దున పోయేటప్పుడు దారి పొడిగానే ఉన్నది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కుండపోతగా వాన. వాసో నెల వాన ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. దారిలో ఒకచోట మా ముందు బండి చక్రం గుంటలో దిగి, గిర్రున తిరుగుతూ కదలలేకపోయింది. మా బండి అదే బురదలో నుంచి చల్లగా దాటిపోయింది. "చూశారా అన్నయ్యగారూ!" అని ఆయన మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను.

మెనీగోన్ కూడలి దాటి మా వీధివైపు మళ్ళాము. చీకటి పడుతున్నది. బండి వేగం ఎక్కువేమీ కాదు, గంటకు నలభై కిలోమీటర్లు ఉంటుంది. పక్క సందులో నుండి ఒక సైక్కా రోడ్డు మీదికి వచ్చింది. దానిలో ఇద్దరు ఆడపిల్లలు, ఒళ్ళో పుస్తకాల సంచులు, ఇద్దరికీ కలిపి ఒకే గొడుగు. మా వాడు బ్రేకు మీద బలంగా కాలు వేశాడు. బండి ఆగలేదు. నీటి మీద పడవలాగా ముందుకు జారుతూనే ఉన్నది. చివరకు సైక్కా చక్రానికి జానెడు దూరంలో ఆగింది.

సైక్కా తొక్కే ముసలాయన మమ్మల్ని ఏమీ అనలేదు. తన చక్రం వైపు ఒకసారి చూసుకొని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. నాలుగు మాటలు తిట్టి ఉంటే మా మనసు కుదుటపడేదేమో! మా వాడు ఇంజను ఆపి, చేతులు స్టీరింగు మీదనే ఉంచి చాలాసేపు కూర్చున్నాడు.

"నాలుగు చక్రాల బండి గదా అన్నయ్యగారూ, ఎందుకు జారింది?" అన్నాడు చివరకు.

మరునాడు ఇద్దరమూ మాకు తెలిసిన ఒక మేస్త్రి దగ్గరకు పోయాము. ఆయన డెబ్బై ఏళ్ళు దాటిన తెలుగువాడు. చిన్నతనం నుండి జీపులు, లారీలు బాగుచేసిన చెయ్యి. మేము చెప్పినదంతా విని, ఆయన ఇంజను మూత కూడా ఎత్తలేదు. వంగి బండి అడుగు చూశాడు. తరువాత టైరు పక్కన గోటితో నొక్కి చూశాడు. "ఈ బండి మంచుదేశంలో బతికిన బండి బాబూ! మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు తిన్న తుప్పు ఇది. ఈ టైర్లు కూడా అక్కడివే" అన్నాడు.

జపానుకు ఉత్తరాన హొక్కయిడో అనే పెద్ద దీవి ఉన్నది. అక్కడ శీతాకాలంలో నెలల తరబడి నేల మీద మంచు పేరుకొని ఉంటుంది. అటువంటి చోట్ల అమ్మడానికి ఆ దేశపు కంపెనీలు చిన్న కార్లను కూడా నాలుగు చక్రాలు లాగేటట్లుగా తయారుచేస్తాయి. వాటిలో కొన్ని పాతబడి, మంచు అంటే ఏమిటో తెలియని మన ఊరికి వస్తాయి. మన ఊళ్ళో జనవరి తెల్లవారుజామున కూడా చలి సుమారు 18 డిగ్రీల దగ్గరనే ఆగిపోతుంది. మన దేశంలో మంచు కావాలంటే ఉత్తరాన కచిన్ రాష్ట్రపు కొసకు, 5,881 మీటర్ల ఎత్తున్న ఖకాబోరాజీ శిఖరం వైపు పోవాలి. ఆ శిఖరం మీదికి మోటారు దారి లేనేలేదు.

ఇక నాలుగు చక్రాలు లాగడమంటే ఏమిటో చూద్దాము. ముందుగా ఒక మాట. బర్మా భాషలో "లేబేన్" అంటే నాలుగు చక్రాలని అర్థం. ఒకప్పుడు రంగూన్ వీధులలో తిరిగిన నీలిరంగు మాజ్దా చిన్న టాక్సీలను జనం ఆ పేరుతోనే పిలిచేవారు. వాటికి నాలుగు చక్రాలున్నమాట నిజమే. కాని ఇంజను బలం అందేది వెనుక రెండు చక్రాలకే. ముందు రెండూ ఊరికే దొర్లేవి. చక్రాలు నాలుగు ఉండడం వేరు, నాలుగూ లాగడం వేరు.

బండి మలుపు తిరిగేటప్పుడు ఒక చిక్కు ఉన్నది. మీరు నలుగురు చేతులు పట్టుకొని వరుసగా నడుస్తూ బడి మూల తిరిగి చూడండి. లోపలివైపు ఉన్నవాడు ఉన్నచోటనే అడుగులు వేస్తాడు. బయటివైపు ఉన్నవాడు పరుగెత్తవలసి వస్తుంది. బండి చక్రాలకూ ఇదే అవస్థ. అందుచేత ఒకే ఇరుసు మీది రెండు చక్రాలు వేరువేరు వేగాలతో తిరగడానికి వీలుగా, వాటి నడుమ డిఫరెన్షియలు అనే పళ్ళచక్రాల కూర్పు పెడతారు. దీనికి ఒక దుర్గుణం ఉన్నది. ఒక చక్రం బురదలో పడి తేలికగా తిరగడం మొదలుపెడితే అదే గిరగిరా తిరుగుతుంది. గట్టినేల మీద ఉన్న రెండవ చక్రం కదలకుండా నిలబడిపోతుంది. బగో దారిలో మా ముందు బండికి జరిగింది ఇదే.

నాలుగు చక్రాలు లాగే బండిలో రెండవ ఇరుసుకు కూడా ఇంజను బలం అందుతుంది. ముందు చక్రం జారితే వెనుక చక్రాలు తోస్తాయి. పాతకాలపు జీపులో దీనికొక ప్రత్యేకమైన మీట ఉండేది. డ్రైవరు కావాలనుకున్నప్పుడు వేసేవాడు, గట్టి రోడ్డు ఎక్కగానే తీసివేసేవాడు. తీయకపోతే మలుపులలో ముందు ఇరుసూ వెనుక ఇరుసూ ఒకదానితో ఒకటి పెనుగులాడి పళ్ళచక్రాలు చెడిపోతాయి. ఈ కాలపు చిన్న కార్లలో ఆ మీట ఉండదు. ముందు చక్రాలు జారినప్పుడు వెనుక చక్రాలకు బలం దానంతట అదే అందుతుంది.

ఇంతవరకు అంతా మేలే. కాని మేస్త్రి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. "రెండు చక్రాలు లాగే బండికి బ్రేకులు ఎన్ని చక్రాలకు ఉంటాయి?"

"నాలుగింటికి" అన్నాడు మా వాడు.

"నాలుగు చక్రాలు లాగే బండికో?"

మా వాడు జవాబు చెప్పలేదు. చెప్పవలసిన పని లేకపోయింది.

బండి కదలడానికి ఇంజను కావాలి. ఆ ఇంజను బలం రెండు చక్రాలకు పోతుందా, నాలుగింటికి పోతుందా అన్నది కదిలేటప్పటి సంగతి. ఆగేటప్పుడు ఏ బండి అయినా నాలుగు చక్రాలతోనే ఆగుతుంది. అప్పుడు బండిని పట్టి నిలిపేది టైరుకూ నేలకూ నడుమ ఉండే పట్టు ఒక్కటే. ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు ఇంచుమించు మన అరచేయంత. మనుషులతో నిండిన బండి అంతా ఆ నాలుగు అరచేతుల మీదనే నడుస్తున్నది! మలుపు తిరిగేటప్పుడు కూడా బండిని దారిలో ఉంచేది ఆ పట్టే.

లెక్క వేసి చూద్దాము. గంటకు 40 కిలోమీటర్లు పోయే బండి ఒక సెకనులో 11 మీటర్లు పోతుంది. డ్రైవరు అడ్డాన్ని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుందాము. అంటే బ్రేకు పట్టకముందే 11 మీటర్లు పోయాయి. ఆ తరువాత పొడి తారురోడ్డు మీద సుమారు 9 మీటర్లలో బండి ఆగుతుంది. తడిసిన రోడ్డు మీద అదే బండికి సుమారు 16 మీటర్లు కావాలి. అణిగిన మంచు మీద సుమారు 31 మీటర్లు. నీరు గడ్డకట్టి అద్దంలాగా ఉన్న దారి మీద 60 మీటర్లు దాటుతుంది. టైరునుబట్టి, దారినిబట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టిన తరువాత పోయే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్కలో ఎక్కడైనా ఎన్ని చక్రాలు లాగుతున్నాయి అన్న మాట వచ్చిందా? రాలేదు. ఆ సంగతికి దీనిలో చోటే లేదు.

మేస్త్రి చెప్పిన మరొక మాట నాకు ఇంకా బాగా నచ్చింది. "రెండు చక్రాలు లాగే బండి మొదటి గేరులోనే చెబుతుంది బాబూ, దారి జారుడుగా ఉందని. చక్రం గిర్రున తిరుగుతుంది, డ్రైవరు జాగ్రత్తపడతాడు. నాలుగు చక్రాల బండి ఏమీ ఎరగనట్టు పోతుంది. నువ్వు బ్రేకు కొట్టిందాకా అసలు సంగతి చెప్పదు." బగో దారిలో ఆ గుంట దాటినప్పుడు మేము మురిసిపోయిన మురిపెమే మమ్మల్ని ఆ సైక్కా దాకా తెచ్చింది. ఆ గుంటలో మేము కూడా దిగబడి ఉంటే, ఆ తరువాత మా వాడు మరికొంత మెల్లగా నడిపేవాడు.

ఇక టైర్ల సంగతి. మా వాడి బండికి ఉన్నవి మంచు టైర్లు. జపానులో వీటిని స్టడ్‌లెస్ టైర్లు అంటారు, అనగా ముళ్ళు లేని టైర్లు. పూర్వం అక్కడ మంచు కోసం ఇనుప ముళ్ళు గుచ్చిన టైర్లు వాడేవారు. ఆ ముళ్ళు రోడ్లను గీకివేసి, ఊళ్ళన్నీ దుమ్ముతో నింపడం వలన 1990లో చట్టం చేసి వాటిని కట్టడి చేశారు. అప్పటి నుండి మెత్తని రబ్బరుతో, సన్నసన్నని చీలికలతో చేసిన ఈ టైర్లు వ్యాపించాయి. మామూలు రబ్బరు సుమారు 7 డిగ్రీల చలికే బిగుసుకొని పట్టు తప్పుతుంది. ఈ రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగానే ఉంటుంది. అది అక్కడి గుణం. అదే టైరును మన ఎండలో తిప్పితే? రబ్బరు మరీ మెత్తబడి తొందరగా అరిగిపోతుంది. వేడిగా ఉన్న తడిరోడ్డు మీద మామూలు టైరు ఆగినంత దగ్గరలో ఇది ఆగదు. పైగా మా వాడు ఆ టైర్ల గాళ్ళు లోతుగా ఉన్నాయని చూసుకొని, ఇంకా రెండేళ్ళు వస్తాయని సంతోషించాడు!

టైరు వయస్సు కూడా చూడాలని ఆ రోజే తెలిసింది. టైరు పక్కన చిన్న చట్రంలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరంలో 23వ వారాన తయారైనదని అర్థం. రబ్బరు వాడకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ ముదిరిపోతుంది. గాడి లోతు సంగతి చూస్తే కొత్త కారు టైరుకు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 1.6 మిల్లీమీటర్లకు అరిగిన టైరును అనేక దేశాలలో చట్టం ఒప్పుకోదు. నీళ్ళు పక్కకు పోవడానికి దారి ఇచ్చేవి ఈ గాళ్ళే. గాళ్ళు అరిగిన టైరు వేగంగా నీటిలోకి పోతే, నీరు పక్కకు పోలేక టైరునే పైకి ఎత్తుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు వేసినా బండి మాట వినదు. రంగూన్‌లో ఏటా సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మే నడుమ నుండి అక్టోబరు నడుమ లోపలే దానిలో అధికభాగం కురిసిపోతుంది. ఇటువంటి ఊళ్ళో టైరు గాడి ఎంత అవసరమో ఆలోచించండి.

అయితే నాలుగు చక్రాల బలం వట్టి దండుగేనా? ఈ మాట నేను అడిగేసరికి మేస్త్రికి కొంచెం కోపం వచ్చినట్టు కనిపించింది. "దండుగ అని నేనెప్పుడన్నాను?" అన్నాడు. ఆ తరువాత చెప్పిన సంగతులకోసం నేను ఆయన కొట్టు ముందు గంటసేపు కూర్చున్నాను.

రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికావారు తయారుచేసిన జీపులు ఆరు లక్షలకు పైబడినవి. అవి నాలుగు చక్రాలతో లాగే బండ్లు. 1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు వేలమంది భారతీయులు కాలినడకన అస్సాము వైపు పోయారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. అలా నడిచిన దారులలో హుకాంగ్ లోయ దారి ఒకటి. వాన, బురద, జ్వరాలు ఎంతోమందిని ఆ దారిలోనే పొట్టన పెట్టుకున్నాయి. తరువాత ఆ లోయ మీదుగానే అస్సాములోని లెడో నుండి కొత్త రోడ్డు వేశారు. అది పాత బర్మా రోడ్డులో కలిసి చీనాలోని కున్మింగ్ దాకా, మొత్తం సుమారు 1,700 కిలోమీటర్లు సాగింది. 1945 జనవరి 12న లెడోలో బయలుదేరిన మొదటి బండ్ల వరుస ఫిబ్రవరి 4న కున్మింగ్ చేరింది. ఆ కొండల బురదలో మామూలు కార్లు తిరిగే ప్రశ్నే లేదు. యుద్ధం ముగిసిన తరువాత మిగిలిపోయిన జీపులను బాగుచేసి, ఏళ్ళ తరబడి మనవాళ్ళు నడిపారు. మేస్త్రి తండ్రిగారు పని నేర్చుకున్నది ఆ జీపుల మీదనే. 1970ల మొదట్లో బర్మాలోనే మాజ్దా జీపులు తయారయ్యాయి. మేస్త్రి తాను పని నేర్చుకున్నది వాటి మీద.

ఆయనకు ఇరవై, ఇరవై రెండేళ్ళ వయస్సులో షాన్ కొండలలో జీపు నడిపేవాడు. ఒక వానరాత్రి కలో దాటి లోపలికి ఉన్న ఒక పల్లెలో ఒకామెకు నొప్పులు మొదలై, కాన్పు కష్టమయింది. పల్లెవాళ్ళు వచ్చి ఈయనను లేపారు. ఎర్రమట్టి దారి, మోకాలి లోతు బురద. "ఆ రాత్రి నాలుగు చక్రాల మీట లేకపోతే మొదటి ఎత్తు దగ్గరే నిలబడిపోయేవాళ్ళం. చక్రాలకు గొలుసులు కూడా కట్టాను. ఎక్కేటప్పుడు జీపు మేకలాగా ఎక్కింది. దిగేటప్పుడు మాత్రం దాన్ని నమ్మలేదు. మొదటి గేరులో, మనిషి నడిచేంత మెల్లగా దిగాను. పక్కన ఆమె తల్లి, తొందరగా పోనీయమని ఏడుస్తూనే ఉంది" అన్నాడు. ఎన్ని గంటలు పట్టిందని అడిగితే, తెల్లవారిందన్నాడు. తల్లీ బిడ్డా దక్కారు.

ఎక్కడానికి, బురదలో నుండి బయటపడడానికి దానంతటిది మరొకటి లేదు. రోజూ మట్టిదారి తొక్కవలసినవారికి, కొండపల్లెలకు మందులు, బియ్యం చేరవేసేవారికి అది సొగసు కాదు, అవసరం. మోలమ్యైన్ వైపు, బగో వైపు పల్లెలలో ఉన్న మన తెలుగు రైతులలో ఎవరైనా వానకాలంలో పొలం దాకా బండి తోలవలసి వస్తే, దాని కోసం ఎక్కువ సొమ్ము పెట్టడం నాకు తప్పుగా తోచదు. రంగూన్ తారురోడ్ల మీద టాక్సీ తోలేవానికి మాత్రం అది ఏడాది పొడుగునా మోసే బరువు. అదనపు ఇరుసు సామాను వలన బండి బరువు పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నాలుగు టైర్లూ ఒకే తీరున అరిగి ఉండాలి. ఒకటి పాడైతే పాతదాని పక్కన కొత్తది వేసి సరిపెట్టుకుందామంటే ఆ పళ్ళచక్రాలు ఒప్పుకోవు.

మన పిల్లలలో కొందరు చదువుకూ ఉద్యోగాలకూ చలిదేశాలకు పోతున్నారు. వారికి ఈ ప్రశ్న నిజంగానే ఎదురవుతుంది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం దీనికి ఏమి జవాబు చెప్పిందో చూడండి. అక్కడ 2008 నుండి శీతాకాలంలో కార్లకు మంచు టైర్లు ఉండితీరాలని చట్టం ఉన్నది. ఇప్పుడు ఆ గడువు డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు. నాలుగు చక్రాలు లాగే బండి కొనమని ఆ చట్టం ఎవరినీ అడగలేదు. అటువంటి బండి ఉన్నవారిని టైర్ల నుండి మినహాయించనూ లేదు. జర్మనీలో కూడా 2010 నుండి మంచు పడిన దారి మీద తగిన టైర్లు ఉండాలి. మంచు టైర్లు వేసిన రెండు చక్రాల బండి, మామూలు టైర్లు వేసిన నాలుగు చక్రాల బండి కంటె మంచు మీద ముందుగా ఆగుతుంది. రెండూ ఉంటే ఇంకా మంచిది. ఒక్కదానికే డబ్బున్నవాడు టైర్లు కొనుక్కోవాలి.

హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి దగ్గర పరిస్థితి కొంచెం వేరు. అక్కడ 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగం 9 కిలోమీటర్ల పొడవు, సముద్రమట్టానికి సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంటుంది. సొరంగానికి పోయే ఎత్తుదారిలో మంచు పడిన రోజులలో, నాలుగు చక్రాలు లాగే బండ్లనో, చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లనో మాత్రమే పోలీసులు పోనిస్తారు. ఎత్తు ఎక్కలేక ఒక్క బండి అడ్డంగా నిలిచినా దారి అంతా మూసుకుపోతుంది గదా! దీనినిబట్టి కూడా తెలిసేది అదే, ఆ బలం ఎక్కడానికి. ఆంధ్ర నుండి సెలవులకు పోయి, అద్దెకు తెచ్చుకున్న నాలుగు చక్రాల బండి ఉన్నది గదా అని దిగుడులో వేగంగా పోయేవారికి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

మేము ఆ రోజు నేర్చుకున్నదాన్ని తరగతిలో పిల్లలతో చేయించి చూశాను. ఒక నున్నని చెక్కపలక తెచ్చాము. దాని మీద ఇటుక పెట్టి, ఇటుకకు తాడు కట్టి, తాడు కొసన తూకం వేసే స్ప్రింగు త్రాసు తగిలించి లాగించాను. చెక్క పొడిగా ఉన్నప్పుడు ముల్లు ఎంత దాకా పోయిందో రాయించాను. తరువాత చెక్క మీద నీళ్ళు పోసి, ఆ తరువాత సబ్బునీళ్ళు పోసి అదే పని చేయించాను. సబ్బునీళ్ళ దగ్గరకు వచ్చేసరికి ముల్లు కదిలీ కదలకముందే ఇటుక జారిపోయింది. అప్పుడు ఆ టాక్సీ డ్రైవరుగారి పిల్లవాడు, "ఇటుకను ఒకడు లాగినా, నలుగురు లాగినా దాని అడుగు మారదు గదా మాష్టారూ?" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఇంత చక్కని జవాబు నేను మాత్రం చెప్పి ఉండేవాణ్ణి కాను.

వాడి తండ్రి ఆ గుర్తు కోసం ఇచ్చిన అదనపు సొమ్ము ఆయన భార్య గాజులు తాకట్టు పెట్టి తెచ్చినది. ఆ సొమ్ముతో మంచి వానటైర్లు నాలుగు వచ్చి, ఇంకా కొంత మిగిలేది. గాజులు ఇంకా విడిపించలేదు. మరల నాలుగు టైర్లంటే మాటలా? రెండు మార్చి రెండు ఉంచుదామనుకున్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. ఇంట్లో రెండు రోజులు దాని మీద మాట పట్టింపు జరిగింది. చివరకు ఆమే చీటీ పాడి డబ్బు చేతిలో పెట్టింది. "గాజులు వచ్చే ఏడు విడిపించుకోవచ్చు. ఆ సైక్కాలో పిల్లలు మన వీధివాళ్ళే" అన్నదట.

టైర్లు వేసిన సాయంకాలం ఆయన బండి తెచ్చి మా ఇంటి ముందు ఆపాడు. వాన పడుతూనే ఉన్నది. "రండి అన్నయ్యగారూ, మెనీగోన్ దాకా పోయి వద్దాం" అన్నాడు. గంటకు ముప్పై దాటకుండా నడిపాడు. వెనుక తలుపు మీద ఆ గుర్తు అలాగే ఉన్నది. దాన్ని తీయించనా అని అడిగాడు. ఎందుకు, బండి అమ్మేటప్పుడు ధర వస్తుందేమో ఉండనీ అన్నాను. ఇద్దరమూ నవ్వుకున్నాము.

అభ్యాసము

1. బగో దారిలో రచయిత ఎక్కిన బండి గుంట దాటింది. అదే బండి సంచౌంగ్‌లో ఎందుకు ఆగలేకపోయింది? మీ మాటలలో రాయండి.

2. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి తడిరోడ్డు మీద, డ్రైవరు అడ్డాన్ని చూసిన క్షణం నుండి మొత్తం ఎన్ని మీటర్లలో ఆగుతుంది? వేగం గంటకు 80 కిలోమీటర్లైతే ఎన్ని మీటర్లు కావాలి?

3. "నువ్వు బ్రేకు కొట్టిందాకా అసలు సంగతి చెప్పదు." ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు?

4. మీ పెద్దలు వానకాలంలో ఊరి దారుల మీద చేసిన ప్రయాణం ఒకటి అడిగి తెలుసుకొని పది వాక్యాలలో రాయండి.

5. మీ ఇంటిలోగాని, వీధిలోగాని ఉన్న ఒక బండి టైరు పక్కనున్న నాలుగు అంకెలను, యజమానిని అడిగి, చదివి రాసుకొని రండి. ఆ టైరు వయస్సు ఎంతో లెక్కకట్టండి.